మందు మోసే రేణువులు, మధ్యలో కాలేయం

కీమోథెరపీ మందుతో చిక్కంతా అది ఒంటినిండా తిరగడమే. డాక్సోరుబిసిన్‌నే తీసుకోండి. క్యాన్సర్ కణాల్ని చంపడంలో దిట్ట, కానీ గుండె కండరాన్నీ దెబ్బతీస్తుంది. అందుకే ఒక మనిషికి జీవితం మొత్తంలో ఇంతకు మించి ఎక్కించకూడదని డాక్టర్లు లెక్క పెట్టుకుంటారు. మందును కణితి దాకా మోసుకెళ్లి అక్కడే వదిలే వాహనం కోసం ఇన్నేళ్లుగా వెతుకుతున్నది ఇందుకే. ఆ వాహనాల్లో నాకు ఆసక్తిగా అనిపించేవి లోహ ఆక్సైడ్ నానో రేణువులు. ఇవి మందు మోయడమే కాదు, తమ సొంత గుణాలతోనూ పనిచేస్తాయి.

మాగ్నెటైట్ సంగతి చూద్దాం. సూదంటురాయిలో ఉండే ఐరన్ ఆక్సైడే ఇది. రాయిగా ఉన్నప్పుడు దాని అయస్కాంతత్వం ఎటూ పోదు. అదే పది, పదిహేను నానోమీటర్ల రేణువుగా చేస్తే (వెంట్రుక మందం 80,000 నానోమీటర్ల దాకా ఉంటుంది) తీరు మారిపోతుంది. దగ్గర్లో అయస్కాంతం ఉన్నంతసేపే దానివైపు వెళుతుంది, తీసేయగానే మామూలైపోతుంది. ఈ గుణం లేకపోతే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని సన్నటి రక్తనాళాల్ని మూసేస్తాయి. పని అయ్యాక కూడా పెద్ద బెడద లేదు. శరీరం వీటిని మెల్లగా కరిగించి, ఆ ఇనుమును హిమోగ్లోబిన్ తయారీకి వాడుకోగలదు.

జింక్ ఆక్సైడ్‌ది ఇంకో దారి. రక్తం పీహెచ్ 7.4, అక్కడ అది చాలా తక్కువగా కరుగుతుంది. కణం మింగేసి, లైసోజోమ్ అనే తన జీర్ణసంచిలోకి పంపితే అక్కడ పీహెచ్ 5 దరిదాపుల్లో ఉంటుంది. ఆ ఆమ్లానికి రేణువు కరిగి మందు బయటపడుతుంది. కరిగిన జింక్ కూడా కణాన్ని దెబ్బకొడుతుంది. కాకపోతే ఆరోగ్యంగా ఉన్న కణాన్ని కూడా అది వదలదు.

ల్యాబ్‌లో గాజు పళ్లెంలో ఇదంతా చక్కగానే జరుగుతుంది. రక్తంలో పడీ పడగానే మాత్రం రేణువు చుట్టూ ప్రొటీన్లు పొరలా పేరుకుంటాయి. కాలేయంలో, ప్లీహంలో కాపుకాసే మాక్రోఫేజ్ కణాలు ఆ పొరను బట్టి గుర్తుపట్టి మింగేస్తాయి. మరీ చిన్న రేణువైతే, అంటే ఐదారు నానోమీటర్లలోపు ఉంటే, కిడ్నీలు మూత్రంలోకి వదిలేస్తాయి. పాలీఇథిలీన్ గ్లైకాల్ పూత పూస్తే ఇంకాస్త సేపు తప్పించుకు తిరుగుతుంది, అంతే.

అయస్కాంతంతో లాగితే? జర్మనీలో ఆ పనీ చేసి చూశారు. డాక్సోరుబిసిన్ కోవకే చెందిన ఎపిరుబిసిన్ మందును అంటించిన అయస్కాంత రేణువుల్ని 14 మంది రోగులకు ఎక్కించి, కణితి దగ్గర బయటినుంచి అయస్కాంతం పెట్టారు. 1996లో ఫలితాలు వచ్చాయి: సుమారు సగం మందిలోనే రేణువులు కణితిని చేరాయి. దూరం పెరిగేకొద్దీ అయస్కాంత బలం గబగబా తగ్గిపోతుంది కాబట్టి, చర్మానికి దగ్గరున్న కణితికి పనికొచ్చిన కిటుకు లోపలెక్కడో ఉన్నదానికి పనికిరాదు. 2016లో మరో లెక్క వచ్చింది. పదేళ్లపాటు జంతువుల మీద జరిగిన ప్రయోగాల్ని, అన్ని రకాల నానో రేణువుల్నీ కలిపి పరిశీలిస్తే, ఎక్కించిన మోతాదులో కణితిని చేరినదాని మధ్యస్థ విలువ 0.7 శాతం.

ఈలోపు ఐరన్ ఆక్సైడ్‌కు ఆస్పత్రుల్లో వేరే ఉద్యోగాలు దొరికాయి. మెదడు కణితిలోకి నేరుగా సూదితో ఎక్కించి, మారుతుండే అయస్కాంత క్షేత్రంతో వేడెక్కించే పద్ధతికి యూరప్‌లో అనుమతి వచ్చింది. ఇక్కడ రక్తంలో ప్రయాణమే లేదు. కిడ్నీ రోగుల రక్తహీనతకు 2009లో అమెరికాలో అనుమతి పొందిన ఫెరుమాక్సిటాల్ కూడా ఐరన్ ఆక్సైడ్ నానో రేణువే. కాలేయంలోని మాక్రోఫేజ్‌లు మింగేయడమే దానికి కావాల్సింది, ఇనుము ఒంటికి అందేది ఆ దారినే మరి.