బ్లేడుకు గీత ఒక్కటే తెలుసు

పిల్లలూ,

ఆశీస్సులు. కంప్యూటర్‌లో అందంగా కనిపించిన బొమ్మ ప్లాటర్‌లో పెడితే ఎందుకు పాడవుతోందని అడిగారు. మంచి ప్రశ్న. మన కళ్ళు ప్రింటర్‌కు అలవాటుపడ్డాయి. తెర మీద ఏది కనిపిస్తే అదే కాగితం మీదికి వస్తుందనుకుంటాం. వినైల్ (స్టిక్కర్‌లకు వాడే పలచటి ప్లాస్టిక్ షీటు) కోసే ఈ ప్లాటర్‌లో ఇంకు ఉండదు, రంగులుండవు. సన్నటి బ్లేడు ఒకటి ఉంటుంది. మీరిచ్చిన గీత వెంట వెళ్తూ పైనున్న వినైల్‌ను కోస్తుంది, కింది కాగితాన్ని వదిలేస్తుంది. అంతకుమించి దానికేమీ తెలియదు. కాబట్టి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మనం చేసే పనంతా ఒక్కటే: బ్లేడు ఎక్కడ నడవాలో, ఎక్కడ నడవకూడదో ముందే తేల్చిపెట్టడం.

ఫోనులో తీసిన ఫోటో అయినా, జేపీజీ బొమ్మ అయినా ఉత్త చుక్కల కుప్ప. బాగా జూమ్ చేసి చూడండి. నలుపు నుంచి తెలుపుకు మెట్లు మెట్లుగా, మధ్యలో బూడిద రంగు చుక్కలతో కనిపిస్తుంది. బ్లేడు నడవడానికి అందులో గీతే లేదు. ఆ అంచును గీతగా మార్చడాన్ని ట్రేస్ చేయడం అంటారు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లైన ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్, కోరల్‌డ్రాలో పవర్‌ట్రేస్, ఇలస్ట్రేటర్‌లో ఇమేజ్ ట్రేస్ చేసేది ఈ పనే. ట్రేస్ చేసే ముందే బొమ్మను బాగుచేసుకోండి. దొరికినంతలో పెద్ద సైజు బొమ్మ తీసుకుని, కాంట్రాస్ట్ పెంచి, పూర్తి నలుపు తెలుపుల్లోకి మార్చండి. ట్రేస్ అయ్యాక కొత్త గీతలు పాత ఫోటో మీదే కూర్చుంటాయి. వాటిని పక్కకు జరిపి ఫోటోను తీసేయండి.

తర్వాత నోడ్‌లు, అంటే గీత ఆకారాన్ని పట్టి ఉంచే చుక్కలు, చూడండి. గుండ్రానికి 4 నోడ్‌లు చాలు. మసక బొమ్మను ట్రేస్ చేస్తే అదే గుండ్రానికి పదుల కొద్దీ పడతాయి. అప్పుడు బ్లేడు అడుగడుగునా దిశ మార్చుకుంటూ వెళ్తుంది, అంచు గరుకుగా వస్తుంది. ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్ ఎల్ నొక్కితే నోడ్‌లు తగ్గుతాయి, అతిగా నొక్కితే మూలలు కూడా కరిగిపోతాయి. ముఖ్యమైన బొమ్మ అయితే నేను ట్రేస్‌ను నమ్ముకోను. ఫోటోను కింద పెట్టుకుని పెన్ టూల్‌తో గీస్తాను. టైమ్ పడుతుంది, కానీ ప్రతి వంపూ మనం అనుకున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు ఒక నెలవంక గీయండి. మీలో చాలామంది నల్లటి గుండ్రం గీసి, దాని మీద కొంచెం పక్కగా తెల్లటి గుండ్రం పెడతారు. తెర మీద చక్కటి నెలవంక కనిపిస్తుంది. ప్లాటర్‌కు పంపితే రెండు నిండు గుండ్రాలు ఒకదాన్నొకటి కోసుకుంటూ కట్ అవుతాయి. తెల్ల రంగు కింద దాక్కున్న గీత మన కంటికి కనబడదు గానీ ఫైల్‌లో అలాగే ఉంది. రెండింటినీ సెలెక్ట్ చేసి, పైదాన్ని కిందిదాంట్లోంచి తీసేయాలి. ఇంక్‌స్కేప్‌లో డిఫరెన్స్, ఇలస్ట్రేటర్‌లో మైనస్ ఫ్రంట్ ఇందుకే ఉన్నాయి. ఆ తర్వాత అవుట్‌లైన్ వ్యూలోకి వెళ్ళండి. ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ వై, కోరల్‌డ్రాలో వైర్‌ఫ్రేమ్. రంగులన్నీ పోయి గీతలు మాత్రమే మిగులుతాయి. బ్లేడుకు అందేది అదే. ఏ ఫైల్ అయినా ఇలా చూడకుండా కట్‌కు పంపకండి.

మందపాటి గీతలదీ ఇదే గొడవ. మీరు 5 మిల్లీమీటర్ల మందంతో గీత గీస్తే, చాలాసార్లు బ్లేడు దాని నడుమ ఒక్క కోత కోసి వెళ్ళిపోతుంది. మందం తెర మీద కనిపించేదే తప్ప గీతలో లేదు. స్ట్రోక్ టు పాత్ చేస్తేనే దానికి రెండు వైపులా అంచులు వస్తాయి.

తెలుగు అక్షరాలకు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ముందు టెక్స్ట్‌ను కర్వ్స్‌లోకి, అంటే మామూలు గీతల్లోకి, మార్చండి. లేకపోతే ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిచినప్పుడు అక్షరాల రూపమే మారిపోవచ్చు. మార్చాక ‘స్త్రీ’ అని రాసి అవుట్‌లైన్‌లో చూడండి. కొన్ని ఫాంట్‌లలో వత్తులు పై అక్షరం మీదికి ఎక్కి ఉంటాయి. అక్కడ ఒకదాని గీత మరొకదాని లోపలినుంచి పోతుంది. అలాగే కోస్తే వత్తు ముక్కగా ఊడొస్తుంది. వెల్డ్ లేదా యూనియన్ చేస్తే లోపలి గీతలు పోయి బయటి అంచు ఒక్కటే మిగులుతుంది. వెల్డ్ చేశాక స్పెల్లింగ్ దిద్దుకోవడం కుదరదు కాబట్టి, టెక్స్ట్ ఉన్న ఫైల్‌ను వేరే పేరుతో దాచుకోండి.

స్టిక్కర్ అయితే సున్నాతో ఇబ్బంది లేదు. లోపలి గుండ్రం పీకేస్తే చుట్టూ వలయం మిగులుతుంది. అదే స్టెన్సిల్ (రంధ్రాల గుండా రంగు వేసే అచ్చు) అయితే వలయం ఊడిపోతుంది, లోపలి ముక్కను పట్టుకునేది ఏదీ ఉండదు. దాన్ని బయటితో కలుపుతూ చిన్న వంతెన వదలాలి. ‘ఠ’ లాంటి అక్షరాలకూ అంతే.

సైజు ముందే మిల్లీమీటర్లలో పెట్టుకోండి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు అంగుళానికి 96 పిక్సెల్‌లు లెక్కేస్తాయి, కొన్ని 72. ఒకదాంట్లో చేసిన ఎస్‌వీజీని (గీతల రూపంలో దాచే ఫైల్) మరోదాంట్లో తెరిస్తే 10 సెంటీమీటర్ల బొమ్మ 13.3 కావచ్చు. తెరవగానే కొలత చూసుకుంటే టెన్షన్ ఉండదు. ఇంకోటి, తుది సైజులో మిల్లీమీటరు కూడా లేని సన్నటి భాగాలు, అనవసరమైన వినైల్‌ను పీకి ఏరేటప్పుడు లేచొచ్చేస్తాయి. వాటిని లావు చేయండి, లేదా వదిలేయండి.

టీషర్ట్ మీద వేడితో అతికించే వినైల్‌ను వెనకవైపు నుంచి కోస్తాం. అందుకని డిజైన్‌ను మిర్రర్ చేయాలి, అంటే అద్దంలో కనిపించినట్టు తిప్పాలి. అద్దం లోపలివైపు అతికించి బయటినుంచి చదివేదైనా అంతే. మామూలు స్టిక్కర్‌కు అక్కర్లేదు.

చివరగా డిజైన్ చుట్టూ ఒక చతురస్రం గీయండి, అనవసరమైన వినైల్ ఏరడం తేలికవుతుంది. అసలు కట్‌కు ముందు ఓ మూలన చిన్న చతురస్రం కోసి చూడండి. బ్లేడు మొన తన ఇరుసుకు సరిగ్గా నడిమధ్యన ఉండదు, సాధారణంగా పావు మిల్లీమీటరు పక్కకు ఉంటుంది. మెషీన్‌లో ఆఫ్‌సెట్ 0.25 అని ఉండేది దీనికోసమే. మూలలు గుండ్రంగా వచ్చినా, కొమ్ముల్లా పొడుచుకొచ్చినా ముందు ఆ అంకె చూడండి. డిజైన్‌ను మాత్రం కదపకండి.

మొదటి ఫైల్ తయారవగానే నాకు పంపండి, అవుట్‌లైన్ వ్యూలో పెట్టి అందరం కలిసి చూద్దాం.

మీ పెద్దమ్మ