దుప్పి పెంటికల్లో ఏముంది? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పశువైద్య ల్యాబులో పనిచేస్తున్నాను. చుక్కల దుప్పి, కణితి (సాంబర్ జింక) పెంటికలు పరీక్షించడం నా పనిలో భాగం. తరచూ వినిపించే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: అడవిలో స్వేచ్ఛగా తిరిగే జింక కడుపులో ఏ పరాన్నజీవీ ఉండదు.

వాస్తవం: ఉంటుంది. తాజా పెంటికల్ని చిక్కటి ఉప్పునీళ్లలో చిదిపి, వడగట్టి, పైకి తేలినదాన్ని స్లైడు మీద చూస్తే చాలాసార్లు ఐమీరియా అనే ఏకకణ పేగు పరాన్నజీవి ఊసిస్టులు (గట్టి పెంకున్న గుడ్డులాంటి దశ) కనిపిస్తాయి. కోడిగుడ్డు ఆకారం, లోపల ఒకే ఉండ. పొటాషియం డైక్రోమేట్ అనే రసాయన ద్రావణంలో రెండు మూడు రోజులు ఉంచితే ఆ ఉండ నాలుగు సంచులవుతుంది, ఒక్కో సంచిలో రెండేసి జీవులు. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఐమీరియా అప్పుడే పడిన పెంటిక నుంచి అంటదు. తడి, గాలి, వెచ్చదనం దొరికి ఈ మార్పు జరిగాకే అంటుతుంది. ఒంట్లో బలమున్న పెద్ద దుప్పి వీటిని మోస్తూనే మామూలుగా మేస్తుంది. ఎక్కువగా జబ్బుపడేది పిల్లలే, అదీ మంద ఒకేచోట కిక్కిరిసినప్పుడు.

అందుకే జింకల పార్కు కంచె దగ్గర క్యారెట్, కీరా ముక్కలు విసరొద్దని బతిమాలుతుంటాను. ప్రేమతోనే వేస్తారు. కానీ జింకలన్నీ ఆ మూలకే చేరి, తొక్కిన పెంటికల మీద పడిన ముక్కనే తింటాయి.

అపోహ: నట్టల మందు పోస్తే ఈ ఐమీరియా కూడా పోతుంది.

వాస్తవం: మామూలు నట్టల మందు కాక్సీడియా (ఐమీరియా ఈ గుంపులోదే) మీద పనిచేయదు. దానికి సల్ఫా, ఆంప్రోలియం లాంటివి వాడతాం, అదీ జబ్బు కనిపిస్తేనే. రిపోర్టులో ఊసిస్టులు ఉన్నాయని చూసి టెన్షన్ పడకండి.

అపోహ: అడవి జింకల వల్లే మా మేకలు పారుకుంటున్నాయి.

వాస్తవం: మేకల ఐమీరియా వేరు, జింకలది వేరు. ముందు మీ దొడ్డి తడిగా ఉందేమో చూడండి. క్రిప్టోస్పోరిడియం (క్రిప్టో) అనే మరో పేగు పరాన్నజీవి సంగతి వేరు. దూడల్ని పారించే రకం జింకకూ మనిషికీ అంటుతుంది. అడవి అంచు కుంటలో మన దూడల పేడ కలిస్తే నష్టపోయేది దుప్పే.

అపోహ: వాగు నీళ్లు తేటగా ఉన్నాయి, క్లోరిన్ బిళ్ల వేస్తే చాలు.

వాస్తవం: క్రిప్టో ఊసిస్టు ఎర్ర రక్తకణం కన్నా చిన్నది, 4 నుంచి 6 మైక్రాన్లు. నీళ్లలో కంటికి కనిపించదు. రంగు వేస్తే మైక్రోస్కోపు కింద గులాబీ చుక్కలా తేలుతుంది. తాగునీటికి వేసే క్లోరిన్‌కు ఇది చావదు, మరిగిస్తే చస్తుంది. శేషాచలం ట్రెక్కింగుకు వెళ్లేవాళ్లు ఇంటి నుంచే నీళ్లు పట్టుకెళ్లండి.