ఆర్మీ డిశ్చార్జి అప్‌గ్రేడ్: ‘అప్పట్లో డాక్టరుకి చూపించుకోలేదుగా’ అనేవాళ్ళ కోసం కొన్ని అపోహలు, వాస్తవాలు

డిశ్చార్జి అనగానే మనవాళ్ళకి ఆసుపత్రి గుర్తొస్తుంది. ఇది ఆ డిశ్చార్జి కాదు. అమెరికా సైన్యం నుంచి చెడ్డపేరుతో బయటికొచ్చినవాళ్ళ కాగితాల మీద ఆ పేరు మార్పించడం నా పని. టెక్సస్‌లో లాయర్‌ని, పదకొండేళ్ళుగా ఇదే చేస్తున్నాను. నా దగ్గరికొచ్చేవాళ్ళలో తెలుగువాళ్ళు తక్కువే గానీ ఉన్నారు. ఎమ్మెస్ చేద్దామని వచ్చి, గ్రీన్‌కార్డు కూడా లేని విదేశీయులని సైన్యంలోకి తీసుకున్న మావ్నీ పథకం (2009లో మొదలై 2016లో ఆగిపోయింది) కింద సైన్యంలో చేరినవాళ్ళు కొందరు, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు కొందరు. వాళ్ళ అమ్మానాన్నలు నన్ను అడిగే ప్రశ్నలన్నీ దాదాపు ఒకటే కాబట్టి ఒక్కచోట రాసేస్తే పోతుందని కూర్చున్నాను.

ముందు రెండు ముక్కలు. సర్వీసు వదిలేటప్పుడు ఇచ్చే కాగితం పేరు డీడీ-214. దాంట్లో 24వ గడిలో సర్వీసు ఎలా గడిచిందో రాస్తారు, మంచినుంచి చెడ్డకి వరసగా ఇవీ: ఆనరబుల్, జనరల్, అదర్ దాన్ ఆనరబుల్ (మేమందరం ఓటీహెచ్ అంటాం), బ్యాడ్ కాండక్ట్, డిజానరబుల్. మొదటి మూడూ ఆఫీసు స్థాయిలోనే ఇచ్చేస్తారు, చివరి రెండూ కోర్టు మార్షల్ జరిగితేనే. ఇక 28వ గడిలో పంపించిన కారణం ఉంటుంది. ‘దుష్ప్రవర్తన, మత్తుపదార్థాలు’ అని అందులో ఉందనుకోండి, ఇంటర్వ్యూకి వెళ్ళిన ప్రతిచోటా దాని గురించి వివరణ ఇచ్చుకుంటూ కూర్చోవాలి.

అపోహ: ఆరు నెలలు ఆగితే దానంతటదే ఆనరబుల్ అయిపోతుంది.

కాదు. ఈ మాట పుట్టించినవాళ్ళెవరో తెలియదు గానీ బ్యారక్స్‌లో తరతరాలుగా తిరుగుతోంది, సంతకం పెట్టించుకునేటప్పుడు పైవాళ్ళే చెప్పారని కూడా కొందరంటారు. ఆరు నెలలు కాదు, అరవై ఏళ్ళు ఆగినా మీరు అర్జీ పెడితే తప్ప ఒక్క అక్షరం మారదు.

అపోహ: సర్వీసులో ఉండగా ఏ డాక్టరూ జబ్బని రాయలేదు, కాబట్టి కేసే లేదు.

అన్నిటికంటే ఎక్కువమందిని ఇంట్లో కూర్చోబెట్టేసిన అపోహ ఇదే. అసలు పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత పట్టుకునే మానసిక జబ్బు) అనే పేరు వైద్యుల పుస్తకంలోకి ఎక్కిందే 1980లో. వియత్నాం నుంచి తిరిగొచ్చి 1970ల్లో ఓటీహెచ్ తీసుకున్నవాడిని ‘అప్పటి చీటీ ఏదీ’ అని అడిగితే ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఆ వియత్నాం వాళ్ళు దావా వేశాకే 2014 సెప్టెంబరులో రక్షణ మంత్రి హేగెల్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు, డిశ్చార్జి మార్చమనే అర్జీలని తేల్చే సైన్యం బోర్డులు పీటీఎస్‌డీ ఉన్నవాళ్ళ అర్జీలని ఉదారంగా చూడాలని. 2017 ఆగస్టులో రక్షణ శాఖ నుంచి వచ్చిన కర్టా మెమో దాన్ని డిప్రెషన్ లాంటి మిగతా మానసిక జబ్బులకీ, తలకి తగిలిన దెబ్బలకీ, లైంగిక దాడికీ వేధింపులకీ వర్తింపజేసింది. రుజువు సర్వీసు రికార్డులోనే ఉండాలన్న పట్టుదల వద్దని అందులో స్పష్టంగా ఉంది. ఇంట్లోవాళ్ళు, రూమ్మేట్లు, తోటి ఉద్యోగులు, చర్చి ఫాదరు, పోలీసులు, ఎవరి మాటైనా పనికొస్తుంది. అర్జీదారు సొంత వాంగ్మూలం ఒక్కటే జబ్బు ఉందని నిరూపించడానికి సరిపోవచ్చు కూడా. ఏ తప్పు చేశాడని పంపించేశారో ఆ తప్పే జబ్బుకి ఆనవాలు కావచ్చు అని కూడా అందులోనే రాసుంది. మొదటిసారి చదివినప్పుడు ఈ వాక్యం కింద రెండు గీతలు గీసుకున్నాను.

ఇక్కడ ఒకబ్బాయి సంగతి చెప్పాలి, వివరాలు మార్చి చెబుతున్నాను. మావ్నీలో చేరాడు, మూడేళ్ళు బాగానే ఉన్నాడు. ఒకే గదిలో ఉండే స్నేహితుడు ప్రాణం తీసుకున్నాడు, మొదట చూసింది ఇతనే. ఆ తర్వాత ఉదయం ఫార్మేషన్‌కి (అందరూ వరసలో నిలబడే హాజరుకి) ఆలస్యం, రెండుసార్లు చెప్పకుండా మాయం, చివరికి మూత్ర పరీక్షలో గంజాయి. ఓటీహెచ్ చేతిలో పెట్టి పంపించేశారు. డాక్టరు దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు, వెళ్తే సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య పనులకి ఇచ్చే అనుమతి) పోతుందని ఒక భయం, మానసిక డాక్టరంటే ఇంటిదగ్గర ఎవరికైనా తెలిస్తే పెళ్ళి సంబంధాలు రావని ఇంకో భయం. రికార్డంతా వెతికితే జబ్బు అన్న మాటే లేదు.

వాళ్ళమ్మగారు గుంటూరు దగ్గర ఊళ్ళో ఉంటారు. ఫోన్లో ఏడవడం అయ్యాక, “మునుపటిలా లేడమ్మా, ఆదివారం ఫోన్ కోసం నేను కాచుక్కూర్చుంటే ఊ అంటాడు, ఆ అంటాడు, పెట్టేస్తాడు, తర్వాత్తర్వాత అసలు చేయడమే మానేశాడు” అన్నారు. ఎప్పటినుంచి ఆంటీ అంటే, “ఉండమ్మా చూసి చెప్తా” అన్నారు. చూసి చెప్పడమేంటని నేననుకునేలోపు వాట్సాప్‌లో ఫోటోలు రావడం మొదలయ్యాయి. వంటింటి గోడమీద ఒకే మేకుకి ఒకదాని మీద ఒకటి ఏడేళ్ళ క్యాలెండర్లు! ఏ రోజు పాలు ఎన్ని పోయించుకున్నారో, గ్యాస్ బండ ఎప్పుడొచ్చిందో, వాటి పక్కనే నీలం పెన్నుతో ‘చిన్నాడు ఫోన్’. ఏప్రిల్ దాకా ఒక్క ఆదివారం తప్పలేదు. ఆ స్నేహితుడు పోయిన వారం తర్వాత నెలకొకటి, ఆగస్టులో ఖాళీ, సెప్టెంబరులో ఖాళీ. కొడుక్కి ఏమైందో ఆవిడకి అప్పటికి తెలియదు, తెలియకుండానే తారీకులతో సహా రాసిపెట్టారు. ఆ పేజీలకీ, ఆవిడ తెలుగులో రాసిన నాలుగు పేజీల ఉత్తరానికీ సర్టిఫైడ్ ఇంగ్లిష్ అనువాదం చేయించి జత చేశాను. తర్వాత బయటి సైకాలజిస్టు ఒకరు అబ్బాయిని పరీక్షించి, ఈ కాగితాలన్నీ చదివి, సర్వీసులో ఉండగానే పీటీఎస్‌డీ మొదలైందని రాశారు. జబ్బు సర్వీసులో ఉండగానే ఉందని లైసెన్సున్న సైకాలజిస్టో సైకియాట్రిస్టో ఇప్పుడు రాసినా బోర్డు దానికి విలువ ఇవ్వాలి.

కాబట్టి మీ పిల్లల పాత మెసేజీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, చేత్తో రాసుకున్న చీటీలు ఏవీ పారేయకండి.

అపోహ: యుద్ధానికి వెళ్ళినవాళ్ళకే ఇది.

పైన చెప్పిన అబ్బాయి సర్వీసులో ఉండగా అమెరికా దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. శిక్షణలో ప్రమాదం, బ్యారక్స్‌లో లైంగిక దాడి, సర్వీసులో ఉండగా బయటపడిన బైపోలార్, ఇవన్నీ లెక్కలోకే వస్తాయి. లైంగిక దాడి మీద అప్పట్లో ఫిర్యాదు ఇవ్వలేదన్న కారణంతో కొట్టేయకూడదు.

అపోహ: ఇప్పుడు పీటీఎస్‌డీ అని చీటీ ఉంది కాబట్టి అప్‌గ్రేడ్ ఖాయం.

‘డాక్టరు రాయలేదు కాబట్టి కేసే లేదు’ అన్న అపోహకి కవల ఇది, ప్రమాదం దీంతోనే ఎక్కువ. నా మొదటి ఏడాదిలో ఒక మెరీన్ సైనికుడి కేసులో మూడొందల పైచిలుకు పేజీల వైద్యం కాగితాలు బోర్డుకి పంపి, పైన ఒకటిన్నర పేజీ కవరింగ్ లెటర్ పెట్టి, ఇన్ని కాగితాలు చూశాక ఎలా కాదంటారులే అని ధీమాగా కూర్చున్నాను. కాదన్నారు. జబ్బు ఉందని ఒప్పుకున్నారు, కానీ ఆ జబ్బుకీ అతను చేసిన పనికీ సంబంధమేమిటో అర్జీలో ఎక్కడా లేదన్నారు. తిరిగి చదివితే నిజంగానే లేదు. తప్పు నాది.

బోర్డు తనను తాను వేసుకోవలసిన ప్రశ్నలు నాలుగు. తప్పుని తగ్గించి చూడదగ్గ జబ్బో అనుభవమో ఉందా? అది సర్వీసులో ఉండగానే ఉందా? చేసిన పనిని ఆ జబ్బు నిజంగా వివరిస్తుందా? వివరిస్తే, ఆ డిశ్చార్జి కంటే అది బరువైనదా? మొదటి రెండూ డాక్టరు కాగితాలతో గడిచిపోతాయి, కేసు నిలబడేదీ పడేదీ మూడోదాని దగ్గరే. అందుకని ఇప్పుడు నేను చేసే మొదటి పని తారీకుల పట్టిక: ఎడమవైపు జీవితంలో జరిగినవి, కుడివైపు సర్వీసు రికార్డులో పడ్డ మచ్చలు. నిద్రపట్టక తెల్లారుజామున కళ్ళుమూసినవాడు ఫార్మేషన్‌కి ఆలస్యంగా వస్తాడు, ఆ గదికి వెళ్ళలేనివాడు చెప్పకుండా వెళ్ళిపోతాడు, తలలో హోరు ఆపుకోవడానికి మందో గంజాయో పట్టుకుంటాడు. సొంతంగా చేసుకునే ఇలాంటి ‘వైద్యం’ గురించి మెమోలోనే ప్రస్తావన ఉంది. అదే గంజాయి అమ్మాడనుకోండి, లేదా నెలల తరబడి ప్లాన్ వేసి యూనిట్ సామాను అమ్ముకున్నాడనుకోండి, జబ్బు ఎంత నిజమైనా చాలా కష్టం. ముందుగా అనుకుని చేసిన తప్పుని మామూలుగా జబ్బు కాపాడదు. అలాంటి కేసు వస్తే మొదటి రోజే చెప్పేస్తాను, ఆశపెట్టి డబ్బు తీసుకోవడం నావల్ల కాదు.

రోగం ఉందని తెలిసినా సైన్యం పంపించేసిన సందర్భాలు తక్కువేం కాదు. 2011 నుంచి 2015 ఆర్థిక సంవత్సరాల మధ్య దుష్ప్రవర్తన పేరుతో 91,764 మందిని బయటికి పంపారు, వాళ్ళలో 57,141 మందికి, అంటే 62 శాతానికి, అంతకుముందు రెండేళ్ళలోపే పీటీఎస్‌డీయో, తలకి దెబ్బో, మరో మానసిక సమస్యో ఉందని సైన్యం డాక్టర్లే రాసున్నారు. ఈ లెక్క అమెరికా పార్లమెంటు తరఫున ఆడిట్ చేసే జీఏఓ 2017లో తీసింది. ఆ 57,141లో 13,283 మందికి ఓటీహెచ్. డాక్టరు ముఖం చూడనివాళ్ళు ఈ లెక్కలోకే రాలేదని గుర్తుపెట్టుకోండి.

అపోహ: చాలా ఏళ్ళయిపోయింది, గడువు దాటిపోయింది.

డిశ్చార్జి రివ్యూ బోర్డుకైతే పదిహేనేళ్ళు, ఫారం డీడీ-293. అది దాటితే రికార్డుల సవరణ బోర్డు, ఫారం డీడీ-149. దీనికి పేరుకి మూడేళ్ళ గడువు గానీ న్యాయం కోసమని దాన్ని పక్కన పెట్టే అధికారం బోర్డుకుంది, మానసిక జబ్బు కేసుల్లో పెడుతుంటారు కూడా. జనరల్ కోర్టు మార్షల్ తీర్పుతో వచ్చిన డిశ్చార్జి అయితే మొదటి బోర్డు ముట్టుకోదు, నేరుగా రెండోదానికే. అర్జీకి ఫీజు లేదు. పదిహేనేళ్ళలోపు ఉన్నవాళ్ళకి నా సలహా ఒకటే, మనిషిగా వాళ్ళ ముందు కూర్చుని మాట్లాడే అవకాశం మొదటి బోర్డులోనే దొరుకుతుంది (ఇప్పుడు వీడియోలోనే చాలావరకు), దాన్ని వదులుకోకండి. రెండో బోర్డు వాళ్ళు కాగితాలు చూసి తేల్చేయడమే ఎక్కువ. మన అబ్బాయికి కాగితాల మీద మొదట కాదన్నారు, విచారణలో మాట్లాడాకే ఔనన్నారు.

రికార్డులు అడిగేటప్పుడు బిహేవియరల్ హెల్త్ (మానసిక వైద్యం) కాగితాలు విడిగా అడగండి, మామూలు వైద్యం ఫైలుతో పాటు అవి రాకపోవచ్చు. బాగా పాతకాలం వాళ్ళకి ఇంకో చిక్కు: 1973 జులైలో సెయింట్ లూయిస్ రికార్డు ఆఫీసు తగలబడి, 1912 నుంచి 1959 దాకా ఆర్మీ వదిలినవాళ్ళ ఫైళ్ళు 80 శాతం పోయాయి.

అపోహ: ఓటీహెచ్ ఉంటే వీఏ (మాజీ సైనికుల బాగోగులు చూసే ప్రభుత్వ శాఖ) గుమ్మం ఎక్కనివ్వరు.

వీఏ వాళ్ళు సొంతంగా ఇంకో లెక్క వేసుకుంటారు, సైన్యం ఏం రాసిందన్నది ఒకటే కాకుండా ఆ పరిస్థితులు కూడా చూస్తారు. 2024 జూన్ నుంచి ఆ నిబంధనలు ఇంకాస్త సడలాయి. కౌంటర్లో ఎవరో కుదరదన్నారని తిరిగొచ్చేయకండి, అర్జీ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. అప్‌గ్రేడ్ అర్జీ ఒకవైపు, ఇది ఒకవైపు నడపొచ్చు. ఇక ప్రాణం మీదికి వచ్చే ఆలోచనలుంటే డిశ్చార్జి ఏమిటని అడక్కుండానే మాట్లాడతారు: 988కి కొట్టి 1 నొక్కండి.

అపోహ: జనరల్ వచ్చింది, ఇక చాలు.

చదువుకోవాలనుంటే చాలదు. మాజీ సైనికుల చదువుకి డబ్బిచ్చే 9/11 తర్వాతి జీఐ బిల్లుకి పూర్తి ఆనరబుల్ కావాలి.

అపోహ: సైన్యంలో చేరి పౌరసత్వం వచ్చేసింది, ఇక దానికేం ఢోకా లేదు.

మావ్నీ వాళ్ళు ఇది రెండుసార్లు చదవండి. సర్వీసు ద్వారా వచ్చిన పౌరసత్వమైతే, అయిదేళ్ళ ఆనరబుల్ సర్వీసు పూర్తికాకముందే ఓటీహెచ్‌తో బయటికొస్తే దాన్ని రద్దు చేయడానికి చట్టంలో వీలుంది. దానంతటది పోదు, ప్రభుత్వం కేసు వేయాలి, కానీ ఆ కత్తి వేలాడుతూ ఉంటుంది. అలాంటివాళ్ళు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడకుండా ఏ ఫారం మీదా సంతకం పెట్టకండి, నాతో సహా ఎవరు చెప్పినా సరే.

అపోహ: అర్జీ పెడితే పిచ్చి అని కాగితం మీద పడుతుంది, నలుగురికీ తెలుస్తుంది.

బోర్డు తీర్పులు అందరూ చూసేలా పెడతారు, నిజమే, కానీ పేర్లు తీసేసి. కొత్త డీడీ-214లో జబ్బు పేరు రాయరు. నిజానికి తలకాయనొప్పి అంతా పాతదాంతోనే, ‘పర్సనాలిటీ డిజార్డర్’ అని 28వ గడిలో అచ్చేసి పంపించినవాళ్ళున్నారు, వాళ్ళకి ఆ మాట తీయించడమే పెద్ద పని. మా దగ్గరున్న కాగితంలో అలాంటిదేమీ లేదే అంటారు కొందరు. మీ దగ్గరున్నది మెంబర్-1 కాపీ అయ్యుంటుంది, దాంట్లో 23 నుంచి 30 దాకా గడులు ఉండవు. ఉద్యోగమిచ్చేవాళ్ళు అడిగేది మెంబర్-4.

అపోహ: అప్‌గ్రేడ్ అయితే జీతం బకాయిలు, మెడికల్ పెన్షన్ అన్నీ వచ్చేస్తాయి.

రావు. జబ్బు మూలంగా వైద్య రిటైర్‌మెంట్ ఇచ్చి ఉండాల్సిందని అడగడం వేరే కేసు, దానికి ఈ ఉదారంగా చూడటం వర్తించదని 2024 ఏప్రిల్‌లో రక్షణ శాఖ నుంచి వచ్చిన వజీరానీ మెమో చెప్పింది. అది నాకు నచ్చలేదు, కానీ ప్రస్తుతానికి బోర్డులు దాన్నే పట్టుకుంటున్నాయి.

అప్‌గ్రేడ్ అయ్యాక వచ్చే కొత్త కాగితంలో గడి గడీ సరిచూసుకోండి. పేరులో అక్షరం తప్పు పడ్డవి, 24 మారి 28 మారనివి చూశాను. మన అబ్బాయి కాగితం వచ్చిన రోజు వాళ్ళమ్మగారు ఫోన్ చేసి, ఆనరబుల్ అంటే అర్థమైంది గానీ కారణం దగ్గర ‘సెక్రెటేరియల్ అథారిటీ’ అని ఉంది, అదేంటమ్మా అన్నారు.

“అంటే ఇక ఎవరికీ కారణం చెప్పనక్కర్లేదని, ఆంటీ.”

“అయితే ఈ క్యాలెండర్లు తీసెయ్యొచ్చా? గోడకి సున్నం వేయించాలి.”

ఇంకో ఏడాది ఉంచమన్నాను, పౌరసత్వం సంగతి తేలేదాకా.