వెలుతురు కావాలి, వేడి వద్దు

"మే నెల ఎండకు కర్నూలులో బండలు పేలిపోతాయి కదా, మరి అక్కడి సోలార్ పార్కులో అప్పుడు కరెంటు పొంగిపొర్లాలి కదా?" అని ఒక పాఠకుడు అడిగారు. పొర్లదు. పడే వెలుతురు ఒకటే అయితే, జనవరి చలిలో ఉన్న ప్యానెలే ఎక్కువ కరెంటు ఇస్తుంది.

సోలార్ సెల్‌లో రెండు రకాల సిలికాన్ కలిసే చోటైన పి-ఎన్ జంక్షన్ గురించి ఇంటర్ పుస్తకాల్లో ఉంటుంది, ఇక్కడ వదిలేస్తున్నాను. క్లాసులో వోల్టేజికీ కరెంటుకూ గ్రాఫు గీయించి మార్కులు వేస్తారు కానీ, వేడెక్కితే ఆ గీత ఎందుకు పక్కకు జరుగుతుందన్న అసలు మజా చెప్పరు.

ప్యానెల్‌లోని ఒక్కో సెల్‌ను ఒక తొట్టి అనుకోండి. దాని గోడల నిండా చిల్లులు, పైకి పోయేకొద్దీ విపరీతంగా ఎక్కువ. వెలుతురు లేపిన ఎలక్ట్రాన్లు కుళాయి నీళ్లు, వోల్టేజి నీటిమట్టం. వచ్చే నీళ్లూ కారే నీళ్లూ సమానమైన చోట మట్టం ఆగుతుంది. సిలికాన్ సెల్‌లో అది సుమారు 0.7 వోల్టు. కుళాయిని పదింతలు తిప్పినా మట్టం 60 మిల్లీవోల్టులే లేస్తుంది, ఆ కాస్త ఎత్తులోనే కారడం కూడా పదింతలవుతుంది కాబట్టి.

ఇప్పుడు తొట్టిని వేడి చేయండి, చిల్లులు పెద్దవవుతాయి. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ బంధం తెంచుకోవడానికి 1.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. వేడి పెరిగితే వెలుతురుతో పని లేకుండానే తెంచుకునేవి ఎక్కువవుతాయి, వాటితోపాటే లీకేజీ పెరుగుతుంది. సెల్ 25 డిగ్రీల నుంచి 65కి చేరితే, సిద్ధాంతం లెక్కన ఈ లీకేజీ 200 రెట్లు దాటిపోతుంది! మట్టం డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టులు దిగుతుంది. వేడికి కుళాయి ధార కూడా పెరిగే మాట నిజమే, కానీ డిగ్రీకి 0.05 శాతం, అంతే. మనకు దక్కే పవర్ అంటే ఎన్ని నీళ్లు, ఎంత ఎత్తు నుంచి అన్న రెండింటి గుణకారం. ఎత్తులో పోయింది ధారలో రాదు. మొత్తం మీద డిగ్రీకి 0.35 శాతం నష్టం. 40 డిగ్రీలకు 14 శాతం.

గాలి 42 డిగ్రీలుంటే ప్యానెల్ 65 దాటడమేమిటంటారా? 2015లో అమెరికాలో, నార్త్ కరోలినాలోని వుడ్‌లాండ్ అనే చిన్న ఊళ్లో సోలార్ మీద మీటింగ్ జరిగితే, ప్యానెళ్లు సూర్యుడి శక్తినంతా పీల్చేస్తాయని ఒకాయన భయపడ్డాడు. నవ్వకండి, మన దగ్గరా ఇలాంటి మాటలకు కొదవ లేదు. నిజానికి మీద పడ్డ దాంట్లో ప్యానెల్ కరెంటుగా మార్చేది అయిదో వంతు. మిగతాదాంట్లో చాలా భాగం దానిలోనే వేడిగా మిగులుతుంది.

ఇంట్లో అయితే సరే అనుకోవచ్చు. ప్రపంచ సోలార్ సామర్థ్యం 2022లో 1,000 గిగావాట్లు దాటి, 2024 చివరికి రెట్టింపయింది. భారత్ ఒక్కటే 2025 జనవరిలో 100 గిగావాట్లు దాటింది. ఆ స్థాయిలో 14 శాతమంటే మాటలు కాదు. అందుకే చైనా చింగ్‌హాయ్‌లో దాదాపు 3,000 మీటర్ల ఎత్తున ఉన్న తాలాతాన్ పీఠభూమి ఇంజనీర్లకు బంగారం: గాలి పలచన కాబట్టి వెలుతురు ఎక్కువ, చోటు చల్లన. రాజస్థాన్ ఎడారిలోని భడ్లాకు వెలుతురు దండిగా ఉంది, చల్లదనమే లేదు. తెలంగాణలో రామగుండం రిజర్వాయరు నీటి మీద ఎన్‌టీపీసీ 100 మెగావాట్ల ప్యానెళ్లు తేలేసింది, 2022లో పూర్తిగా నడకలోకి వచ్చింది. నీటి మీది చల్లగాలి ఆ చిల్లుల్ని కాస్త అదుపులో పెడుతుంది.

మీ మేడ మీద పెట్టించేటప్పుడు వాట్లు, వారంటీ చూసి ఊరుకోకండి. డేటా షీట్‌లో 'టెంపరేచర్ కోఎఫిషెంట్' అనే వరస చూడండి, డిగ్రీ వేడికి ఎంత శాతం పవర్ పోతుందో చెప్పేది అదే. సెల్ రకాల్లో పాత పెర్క్‌కు సుమారు మైనస్ 0.35, కొత్తవైన టాప్‌కాన్‌కు మైనస్ 0.30, హెటిరోజంక్షన్‌కు మైనస్ 0.26 దగ్గర ఉంటుంది. 40 డిగ్రీల తేడా మీద మొదటిదానికీ చివరిదానికీ మధ్య 3.6 శాతం. ధరలో తేడా అంతకు మించితే పెర్కే తీసుకోండి, కానీ శ్లాబుకు ఆనించి బిగించనివ్వకండి. అడుగున గాలి ఆడాలి.