రెండు స్విచ్‌ల నడుమ విరామం: పీడబ్ల్యూఎంలో డెడ్ టైమ్

డీసీని ఏసీగా మార్చి మోటార్లను నడిపే ఇన్వర్టర్లలో డీసీ సరఫరా తాలూకు ధన, రుణ తీగల మధ్య రెండు ట్రాన్సిస్టర్లను ఒకదాని కింద ఒకటిగా అమరుస్తారు. ఈ జంటను హాఫ్ బ్రిడ్జ్ అంటారు. పైది ఆన్‌లో ఉంటే వాటి మధ్య బిందువు దగ్గర పూర్తి వోల్టేజీ, కిందిది ఆన్‌లో ఉంటే దాదాపు సున్నా వోల్టేజీ ఉంటుంది. సెకనుకు వేలసార్లు ఈ రెండు స్థితులనూ మారుస్తూ, ఒక్కోదానికి ఇచ్చే వ్యవధిని సవరిస్తూ కావలసిన సగటు వోల్టేజీని రాబట్టడమే పీడబ్ల్యూఎం (పల్స్ విడ్త్ మాడ్యులేషన్) పద్ధతి.

అయితే ట్రాన్సిస్టర్ ఆజ్ఞ అందిన క్షణంలోనే ఆగిపోదు. మాస్‌ఫెట్ రకం ట్రాన్సిస్టర్‌లో, దాన్ని నియంత్రించే గేటులో చేరిన ఆవేశం బయటికి పోవాలి. ఐజీబీటీ రకంలోనైతే లోపల మిగిలిన ఆవేశ వాహకాలు అంతరించేదాకా కొంత కరెంటు పారుతూనే ఉంటుంది. ఈలోగా రెండో ట్రాన్సిస్టర్ ఆన్ అయితే సరఫరా నేరుగా షార్ట్ అవుతుంది. షూట్ త్రూ అనే ఈ స్థితిలో కరెంటు ఎంత వేగంగా పెరుగుతుందంటే, కొన్ని మైక్రోసెకన్లలోనే ట్రాన్సిస్టర్లు కాలిపోవచ్చు. అందుకే రెండూ ఆఫ్‌లో ఉండే చిన్న విరామాన్ని కావాలనే కల్పిస్తారు. అదే డెడ్ టైమ్.

ఈ విరామాన్ని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించకూడదు. ప్రోగ్రామ్ ఎక్కడైనా నిలిచిపోవచ్చు, ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి వేరే పనికి మళ్లించే సంకేతం) ఆలస్యం కావచ్చు. అందుకే మోటార్ నియంత్రణకు ఉద్దేశించిన మైక్రోకంట్రోలర్ల టైమర్లలోనే డెడ్ టైమ్ జనరేటర్ ఉంటుంది. దాని పని తీరు సరళం: ఆఫ్ చేసే అంచును (సంకేతం మారే క్షణాన్ని) వెంటనే పంపుతుంది, ఆన్ చేసే అంచును మాత్రం నిర్ణీత క్లాక్ పల్స్‌ల మేరకు ఆపి పంపుతుంది. ఎస్‌టీఎమ్32ఎఫ్103 అనే మైక్రోకంట్రోలర్‌లో టైమర్‌కు 72 మెగాహెర్ట్జ్ క్లాక్ ఇస్తే ఒక్కో మెట్టు దాదాపు 13.9 నానోసెకన్లు, డెడ్ టైమ్ రిజిస్టర్‌లో 36 అని రాస్తే విరామం సరిగ్గా అర మైక్రోసెకను అవుతుంది. ఆ విలువ పొరపాటున మారకుండా రీసెట్ వరకు తాళం వేసే లాక్ బిట్లు కూడా అదే రిజిస్టర్‌లో ఉండటం ఎంతో మెచ్చదగిన ఏర్పాటు.

విరామం ఎక్కువైతే క్షేమమే కదా అనిపించవచ్చు, కాని దానికీ మూల్యం ఉంది. రెండు ట్రాన్సిస్టర్లూ ఆఫ్‌లో ఉన్నా మోటార్ చుట్టలోని కరెంటు ఆగదు. అది ఒక్కో ట్రాన్సిస్టర్‌కు సమాంతరంగా ఉండే డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం) దారి పడుతుంది. కరెంటు మోటార్ వైపు పోతుంటే కింది డయోడ్, వెనక్కి వస్తుంటే పై డయోడ్ వహిస్తుంది. అంటే ఆ కాసేపు మధ్య బిందువు వోల్టేజీని నిర్ణయించేది మన ప్రోగ్రామ్ కాదు, కరెంటు దిశ. 600 వోల్టుల సరఫరా, 10 కిలోహెర్ట్జ్ స్విచింగ్, 2 మైక్రోసెకన్ల డెడ్ టైమ్ ఉన్నచోట సగటు దోషం 12 వోల్టులు. మోటార్ పూర్తి వేగంతో తిరిగేటప్పుడు ఇది పెద్ద లెక్క కాదు; నెమ్మదిగా తిరిగేటప్పుడు ఇవ్వవలసిన వోల్టేజీయే తక్కువ కాబట్టి కరెంటు తరంగంలో 5వ, 7వ హార్మోనిక్‌లు (మూల పౌనఃపున్యానికి 5, 7 రెట్ల తరంగాలు) పొడచూపి టార్క్ (తిప్పే బలం) అదురుతుంది.

అందువల్ల కరెంటు దిశను కొలిచి, పోయిన వోల్టేజీని ముందే డ్యూటీ సైకిల్‌లో (పై ట్రాన్సిస్టర్ ఆన్‌లో ఉండే కాలపు వాటాలో) కలుపుతారు. నిజమైన చిక్కు కరెంటు సున్నాను దాటే చోట వస్తుంది. అక్కడ కొలతలోని చిన్న రొద కూడా దిశను తారుమారు చేయగలదు. అప్పుడు సవరణ దోషాన్ని తీర్చకపోగా రెట్టింపు చేస్తుంది. కాబట్టి సున్నాకు సమీపంలో సవరణను ఒక్కసారిగా తిప్పకుండా, కరెంటు విలువకు అనుగుణంగా క్రమేణా తగ్గించి ఆపై రెండో దిశలో పెంచుతారు.