ప్రచారంలో లోపాల అందం: అపోహలు – వాస్తవాలు

సోషల్ మీడియా ప్రచారాలు చేసే మాకు ఈ మధ్య తరచూ వినిపిస్తున్న మాట ఒకటుంది: "వీడియో మరీ నున్నగా వద్దండీ, ముడిగానే వదిలేయండి, ఇప్పుడదే నడుస్తోంది." ఈ మాటను నమ్మి చాలామంది డబ్బూ, అంతకంటే విలువైన పేరూ పోగొట్టుకుంటున్నారు.

అపోహ: లోపం కనిపిస్తే చాలు, జనం నమ్ముతారు.

వాస్తవం: పనితనం ముందే రుజువైన చోట మాత్రమే లోపం అందంగా కనిపిస్తుంది. 1966లో మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్సన్, ఆయన సహచరులు విద్యార్థులకు క్విజ్ అభ్యర్థుల టేపులు వినిపించారు. 92 శాతం ప్రశ్నలకు సరైన జవాబులిచ్చిన వ్యక్తి కాఫీ ఒలకబోసుకుంటే అతనిపై వినేవారికి ఇష్టం పెరిగింది; 30 శాతమే చెప్పగలిగిన వ్యక్తి అదే పని చేస్తే ఉన్న ఇష్టమూ తగ్గింది. 2014లో ఫ్రాన్స్‌లోని ఇంటర్‌మార్షే అనే సూపర్‌మార్కెట్ల సంస్థ వంకర క్యారట్లను, ఆకారం కుదరని బంగాళాదుంపలను 30 శాతం తక్కువ ధరకు అమ్మినప్పుడు వాటి ఫోటోలు పెట్టి ఊరుకోలేదు. వాటితో చేసిన సూప్‌నూ జ్యూస్‌నూ కొనుగోలుదారులకు రుచి చూపించింది. వంకర రూపంలోనే ఉందని, రుచిలో లేదని తేలాకే ఆ ప్రచారం నిలబడింది.

మట్టి కప్పులు చేసి ఆన్‌లైన్‌లో అమ్మే ఒకావిడ, పూతలో సూదిమొనంత చుక్క కనిపించినా ఆ ఫోటో తీసేయమనేవారు. ఆమె భయం అర్థం చేసుకోదగినదే, ఎందుకంటే తన చేతిపనిని తూచే కళ్లు ఎన్ని ఉంటాయో ఆమెకు తెలుసు. మేము ఆ చుక్కనే దగ్గరగా చూపించి, వెంటనే అదే కప్పులో మరిగే నీళ్లు పోసి, అడుగున పరిచిన తెల్ల కాగితం తడవలేదని చూపించాం. క్యాప్షన్‌లో "ఇది పగులు కాదు, పూత కాలినప్పుడు ఏర్పడే గుర్తు, ఒక్కో కప్పు రంగు ఒక్కోలా ఉంటుంది" అని రాశాం. కప్పు చేరాక "ఫోటోలో ఉన్నట్టు లేదు" అనే ఫిర్యాదులు ఆ తర్వాత తగ్గాయి. నీళ్లు పోసిన ఆ షాట్ లేకపోతే ఆ చుక్క చుక్కగానే మిగిలేది.

అపోహ: లోపాన్ని కల్పించినా ఫరవాలేదు.

వాస్తవం: స్క్రిప్టులో రాసిచ్చిన తడబాటును చూసేవారు ఇట్టే పసిగడతారు. ఒక సంస్థ తన ఉద్యోగి చేత పదేపదే టేకులు చేయించి "అనుకోకుండా" నవ్వించిన వీడియోకు వచ్చిన కామెంట్లన్నీ ఆ నవ్వు గురించే. వస్తువు గురించి ఒక్కరూ అడగలేదు.

అపోహ: ఫిల్టర్ లేకపోతే ఎడిటింగ్ అక్కర్లేదు. ఇది వట్టి పుకారు. ముఖం మీద మొటిమ ఉండవచ్చు గానీ మాట స్పష్టంగా వినబడాలి, సబ్‌టైటిళ్లలో తప్పులుండకూడదు.

అపోహ: సహజంగా చూపడం కేవలం అభిరుచికి సంబంధించిన విషయం. వాస్తవం: కొన్నిచోట్ల ఇది చట్టం కూడా. నార్వేలో 2022 జూలై నుంచి శరీరాకృతినో చర్మాన్నో మార్చిన ప్రకటన చిత్రాలపై ఆ సంగతి ముద్రించడం చట్టప్రకారం తప్పనిసరి. డబ్బు తీసుకుని పోస్టులు పెట్టే ఇన్‌ఫ్లుయెన్సర్లకూ అది వర్తిస్తుంది.

తమ ముఖమో గొంతో బాగుండదని కెమెరా ముందుకు రావడానికి వెనకాడే చిన్న వ్యాపారులు నిస్సంకోచంగా రావచ్చు. అయితే ధర, కొలత, డెలివరీ తేదీ, వాడే విధానం మాత్రం పోస్టు చేసే ముందు ఇద్దరు విడివిడిగా సరిచూడాలి.