‘థోల్’: ఒక పాత స్కాట్స్ క్రియ గురించి అపోహలు, వాస్తవాలు

భాషా చరిత్ర పాఠాల్లో నేను పదే పదే ఎత్తుకునే మాట ‘థోల్’. స్కాట్లండ్ భాషల్లో ఒకటైన స్కాట్స్‌లోని క్రియ ఇది. ఓర్చుకోవడం, భరించడం అని దీని మొదటి అర్థం. మాట చిన్నదే, చుట్టూ అపోహలు మాత్రం బలంగా అల్లుకున్నాయి.

అపోహ: మన ‘తాళు’, వాళ్ల ‘థోల్’ ఒకటే.

తెలుగువాళ్లకు వెంటనే వచ్చే అనుమానం ఇది. ‘తాళలేను’ అంటే ఓర్చుకోలేననే కదా, పైగా పలుకూ కలిసింది. కానీ ‘తాళు’ ద్రావిడ ధాతువు, కన్నడంలోనూ ఉంది. ‘థోల్’ ఇంగ్లీషు, జర్మన్ లాంటి భాషలున్న జర్మానిక్ శాఖది: పాత ఇంగ్లీషులో ‘థోలియన్’, అదే శాఖలోని అంతరించిన గోథిక్ భాషలో ‘థులన్’. ఈ పోలిక కేవలం కాకతాళీయం. మాటల చుట్టరికం తేల్చాలంటే క్రమం తప్పని ధ్వని మార్పులు చూడాలి. సంస్కృతంలో ‘త’ ఉన్నచోట ఇంగ్లీషు, స్కాట్స్ లాంటి భాషల్లో ‘థ’ కనిపిస్తుంది: త్రి - థ్రీ, తృష్ణ - థర్స్ట్. ఆ దారిన వెనక్కి వెళ్తే ‘థోల్’కు అసలు బంధువు దొరుకుతుంది. అది త్రాసు అనే అర్థమున్న సంస్కృత ‘తుల’. సంస్కృతానికీ జర్మానిక్ భాషలకూ మూలమైన ఇండో-యూరోపియన్ భాషలో ఎత్తడం, మోయడం అనే ఒకే ధాతువు నుంచి రెండూ పుట్టాయి. మనం బంగారం తూచే తులం కూడా ఆ వంశానిదే, సంస్కృతం మీదుగా మనకు వచ్చింది.

అపోహ: ‘టాలరేట్’ను పల్లెజనం అలా పలికారు.

సహించడం అనే అర్థమున్న ‘టాలరేట్’ లాటిన్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది 16వ శతాబ్దంలో. ‘థోలియన్’ అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే పాత ఇంగ్లీషు వీరగాథ ‘బేవుల్ఫ్’ కావ్యంలో ఉంది. అసలు స్కాట్స్‌నే చెడిపోయిన ఇంగ్లీషు అనేవాళ్లున్నారు, స్కాట్లండ్‌లోని మరో భాష, కెల్టిక్ శాఖకు చెందిన గేలిక్‌తో కలిపేసేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. పాత ఇంగ్లీషు ఉత్తరాది రూపం నుంచి పెరిగిన భాష ఇది. 2025లో స్కాట్లండ్ పార్లమెంటు చేసిన చట్టం దీనికి అధికార హోదా ఇచ్చింది.

అపోహ: థోల్ అంటే నోరు మూసుకుని పడి ఉండటం.

స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1785 నాటి ఎలుక కవితలో, నాగలి కింద గూడు పోగొట్టుకున్న ప్రాణి చలికాలాన్ని ఓర్చుకోవాల్సిన చోట ఈ క్రియ వస్తుంది. అక్కడది కష్టమే. అయితే ‘థోల్ అమెండ్స్’ అంటే ఇంకా మెరుగుపడే వీలుందని. స్కాట్లండ్ కోర్టు వాడుక ఇంకా విలువైనది. ‘థోల్ యాన్ అసైజ్’ అంటే విచారణను ఎదుర్కోవడం. ఒకసారి ఎదుర్కొని తీర్పు పొందినవాణ్ణి అదే నేరానికి మళ్లీ బోనెక్కించకూడదు. అంటే ఇక్కడ ‘థోల్’ మనిషికి రక్షణ కూడా. 2011 చట్టం దీనికి కొన్ని మినహాయింపులు పెట్టింది. ఎడిన్‌బరోలోని ఒక పబ్ నుంచి బయల్దేరిన ఇద్దరమ్మాయిల హత్య కేసు (1977) 2007లో వీగిపోయినా, 2014లో మళ్లీ విచారణ జరిపి శిక్ష వేయగలిగింది ఆ చట్టం వల్లే.

అపోహ: ఇప్పుడెవరూ వాడరు.

స్కాట్లండ్‌లోనే కాదు, అక్కడి వలసదారులతో 17వ శతాబ్దంలో స్కాట్స్ చేరిన ఉత్తర ఐర్లండ్‌లోనూ వాడుతున్నారు. కవి షేమస్ హీనీ పెరిగింది అక్కడే. ‘బేవుల్ఫ్’ అనువదిస్తూ, అందులోని ‘థోలియన్’ తన బంధువు ఒకావిడ నోట విన్న మాటేనని గుర్తుపట్టాడు.